ముఖాల పందెం

రాజమండ్రి దేవీచౌక్‌లోనో, రావులపాలెం సెంటర్లోనో, పాలకొల్లు బస్టాండు ఎదురుగానో ఒక ఫ్లెక్సీ ముందు రెండు నిమిషాలు ఆగండి. అక్షరాలు వదిలేసి ముఖాలు చదవండి. పై వరసలో దేవుడు, ఆయన పక్కన కాలం చేసిన పెద్ద నాయకుడు. మధ్యలో తెల్లచొక్కా వేసుకుని దణ్ణం పెడుతూ అసలు మనిషి. ఆయన భుజానికి కాస్త దిగువగా, సగం సైజులో, ఫ్లెక్సీ వేయించిన మనిషి. అడుగున గుండ్రటి చట్రాల్లో పది పదిహేను చిన్న ముఖాలు, వాటి కింద ఇంటిపేరుతో సహా పేర్లు, కొన్నింటికి బ్రాకెట్లో ముద్దుపేర్లు. నల్ల కళ్లజోడు పెట్టుకున్న కుర్రాడు ఒకడైనా ఉంటాడు. ఏ ముఖం ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఉండాలి అన్నది డీటీపీ చేసే అబ్బాయి ఇష్టం కాదు. దాని మీద ముందురోజు రాత్రి ఫోన్లు నడుస్తాయి. చందా ఎవరెంత ఇచ్చారు, వయసులో ఎవరు పెద్ద, నాయకుడికి ఎవరు దగ్గర అన్నవన్నీ తేలాకే ఫైలు ప్రింటింగుకి వెళ్తుంది. ఒక ఊళ్లో పలుకుబడిని ఎవరెవరు ఎలా పంచుకున్నారో తెలుసుకోవాలంటే పంచాయతీ రికార్డుల కంటే ఈ పీవీసీ గుడ్డే నయం.

ఇప్పుడొక ప్రశ్న. ఈ ఫ్లెక్సీలో నార్సిసిస్టు, అంటే తన గొప్పకు తానే మురిసిపోయేవాడు, ఎవరు?

మధ్యలో ఉన్నాయనే అనుకుంటాం. అడిగి చూడండి. "నేను వెయ్యమన్లేదండీ, కుర్రాళ్లు అభిమానం కొద్దీ వేశారు" అంటాడు. చాలాసార్లు అది నిజమే. వేయించినాయన్ని అడగండి. "వెయ్యకపోతే ఆయనేవనుకుంటారండీ" అంటాడు. అదీ నిజమే. అడుగు వరసలో ఉన్న కుర్రాణ్ణి అడిగితే "అందరివీ ఉండి నాదొక్కటే లేకపోతే ఏం బాగుంటదండీ" అంటాడు. ముగ్గురూ అబద్ధమాడటం లేదు. ముగ్గురిలో ఎవరినీ మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిన పని లేదు. అయినా రోడ్డు మీద ఇరవై అడుగుల ఆత్మస్తుతి నిలబడే ఉంది. ఒక్కొక్కరి తలలో వెతికితే దొరకనిది ఆ ముగ్గురి మధ్య ఎక్కడో ఉంది.

తలలో వెతికిన వందేళ్లు

కొలనులో తన నీడను చూసుకుని మోహించిన గ్రీకు కథానాయకుడు నార్సిసస్. అతని పేరు వైద్యశాస్త్రంలోకి 19వ శతాబ్దం చివర్లో వచ్చింది. ఫ్రాయిడ్ 1914లో దాని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో 'నార్సిసిస్టిక్ వ్యక్తిత్వ రుగ్మత'ను చేర్చింది. తనంత గొప్పవాడు లేడనుకోవడం, మెచ్చుకోలు అందకపోతే కుంగిపోవడం, ఎదుటివాడి బాధ పట్టకపోవడం దాని ముఖ్య లక్షణాలు. డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, మాట్లాడి, నిర్ధారించాల్సిన రుగ్మత అది. టీవీలో చూసి ఫలానా నాయకుడికి ఫలానా జబ్బు అని తేల్చడం వైద్యనీతి కాదని అదే సంఘం 1973 నుంచి చెబుతోంది. అందుకని ఈ అధ్యాయంలో ఎవరికీ రోగం అంటగట్టను.

రుగ్మత దాకా పోకుండా అందరిలో ఎంతో కొంత ఉండే గుణం కూడా ఒకటుంది. దాన్ని కొలవడానికి 1979లో రాస్కిన్, హాల్ ఒక ప్రశ్నావళి తయారుచేశారు. 1988 నాటికి అది 40 అంశాలకు కుదురుకుంది. చిత్రంగా ఆ 1979లోనే క్రిస్టఫర్ లాష్ అనే చరిత్రకారుడు, ఈ గుణాన్ని అమెరికా సమాజమే పెంచి పోషిస్తోందంటూ ఒక పుస్తకం రాసి కలకలం లేపాడు. మనస్తత్వవేత్తలు తలలోకి చూస్తుంటే ఆయన వీధిలోకి చూశాడు.

ఆ తర్వాత అసలు గొడవ మొదలైంది. 1979 నుంచి 2006 వరకు ఆ ప్రశ్నావళి నింపిన పదహారు వేల మందికి పైగా అమెరికా కాలేజీ విద్యార్థుల మార్కుల్ని మనస్తత్వవేత్త జీన్ ట్వెంగే, ఆమె సహచరులు పోగుచేశారు. నార్సిసిజం పెరుగుతూ వస్తోందని 2008లో ప్రకటించారు. 'ఈ తరం పాడైపోయింది' అనడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే పెద్దలకు అది పండగ. కానీ 2017లో ఇంకో బృందం లెక్కల్ని మరింత జాగ్రత్తగా చూసి, 1990ల నుంచి 2010ల దాకా మార్కులు పెరగకపోగా కాస్త తగ్గాయని చెప్పింది. మీరు ఎటువైపు ఉన్నా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఒక్కో మనిషిలో ఉన్న గొప్ప పెద్దగా పెరగకుండానే వీధిలో కనిపించే గొప్ప విపరీతంగా పెరగగలదు. అప్పుడు తప్పు మనిషి గుణంలో కాదు, నలుగురూ ఆడుతున్న ఆటలో వెతకాలి.

ఆట మారితే గుణం కూడా కదులుతుందా? జర్మనీలో దీనికి అరుదైన అవకాశం దొరికింది. ఒకే భాష, ఒకే చరిత్ర ఉన్న జనం నాలుగు దశాబ్దాలు రెండు వ్యవస్థల్లో బతికారు. 2018లో అచ్చయిన ఒక పరిశీలనలో వెయ్యిమందికి పైగా జర్మన్లను ప్రశ్నించారు. పశ్చిమాన పెరిగినవాళ్లలో నార్సిసిజం ఎక్కువగానూ, తన మీద తనకుండే నిబ్బరమైన గౌరవం తక్కువగానూ తేలాయి. 1989లో గోడ కూలినప్పుడు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య ఉన్నవాళ్లలో ఈ తేడా బాగా కనిపించింది. అప్పటికి ఐదేళ్లు దాటని పిల్లల్లో, అంటే రెండు జర్మనీలూ కలిశాక బడికి వెళ్లినవాళ్లలో, లెక్కకు వచ్చే తేడాయే లేదు. అలాగని తూర్పు జర్మనీ స్వర్గమని కాదు. బడి, బజారు, ప్రచారం మారితే ఒక తరం అద్దం ముందు నిలబడే తీరు కూడా మారుతుంది.

ధవళేశ్వరం పెద్దమనిషి

ఈ సంగతిని మన గోదావరి ఒడ్డున ఒకాయన 1878లోనే పట్టుకున్నారు. కందుకూరి వీరేశలింగం తన 'వివేకవర్ధని' పత్రికలో 'రాజశేఖర చరిత్రము'ను విడతలుగా అచ్చువేశారు. అది 1880లో పుస్తకమైంది. కథ మొదలయ్యేది ధవళేశ్వరంలోనే. రాజశేఖరుడు చెడ్డవాడు కాదు, ఉదారుడు. కానీ పొగిడితే కరిగిపోతాడు. పొద్దున లేస్తే ఆయన అరుగు మీద పొగిడేవాళ్లు చేరతారు. ఇంట్లో వంట బాగుందని, ఆయనంత దాత లేడని, ఆయన మాటకు తిరుగులేదని వాళ్లు చెబుతుంటారు, ఆయన ఇస్తుంటాడు. చివరికి బంగారం చేస్తానని వచ్చిన బైరాగి ఉన్న బంగారం కాస్తా ఎత్తుకుపోతాడు. డబ్బు పోయిన మర్నాటి నుంచి అరుగు ఖాళీ.

ఇది ఒక మనిషి అహంకారం కథ అని చాలామంది చదివారు. నాకు మాత్రం ఆ అరుగు కథలా కనిపిస్తుంది. రాజశేఖరుణ్ణి తీసుకెళ్లి ఎవరూ పొగడని ఊళ్లో పెడితే ఆయన మామూలు మర్యాదస్తుడు. ఆయన గొప్పకు పెట్టుబడి ఆయనది, సరఫరా అరుగు మీదవాళ్లది, లాభం బైరాగిది. నార్సిసిజాన్ని సామాజిక సమస్య అనడానికి మొదటి కారణం ఇదే. మెచ్చేవాళ్లు లేకుండా అది ఒక్క పూట కూడా బతకదు. మెచ్చడం కొందరికి బతుకుతెరువైతే అది ఊరి ఏర్పాటుగా మారిపోతుంది.

ఇప్పటి అరుగు ఫోనులో ఉంది. పొగిడేవాడికి భోజనం కూడా పెట్టక్కర్లేదు, బొటనవేలు చాలు.

ఎవరికీ ఇష్టం లేని పోటీ

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ముందు వరసవాడు మునివేళ్ల మీద లేచాడంటే వెనకవాడూ లేవాలి, వాడి వెనకవాడూ లేవాలి. కాసేపటికి అందరూ మునివేళ్ల మీదే ఉంటారు, ఎవరికీ ముందుకన్నా ఎక్కువ కనపడదు, అందరికీ కాళ్లు మాత్రం పీకుతాయి. ఆర్థికశాస్త్రంలో స్థానం కోసం జరిగే పోటీ అంటే ఇదే. డెల్టాలో ఓణీల ఫంక్షన్ల ఖర్చుని ఈ లెక్కన చూడండి. ఒకప్పుడు పెరట్లో పందిరి వేసి, బంధువుల్ని పిలిచి జరిపిన ముచ్చటకి ఇప్పుడు కళ్యాణ మండపం, డ్రోన్ కెమెరా, ఎల్ఈడీ తెర, గేటు దగ్గర ఆడపిల్ల నిలువెత్తు ఫ్లెక్సీ. వీధిలో నలుగురు తండ్రులూ తలో లక్ష ఎక్కువ పెట్టారనుకోండి. వాళ్లలో ఎవరు గొప్ప అన్న వరస మారదు. నాలుగు లక్షలు మాత్రం పోతాయి. అందులో కొంత రొయ్యల చెరువు మీద తెచ్చిన అప్పై ఉంటుంది. ఐదో ఇంటాయనకు డాబు గిట్టదు. కానీ ఆయన తగ్గి చేస్తే, పొదుపరి అని ఎవరూ అనరు. "పాపం, చితికిపోయినట్టున్నాడు" అంటారు. పిల్లకు సంబంధం చూడాల్సినవాడు ఆ మాట పడగలడా? అందుకే ఆయనా ఫోటోగ్రాఫర్‌కి అడ్వాన్సు ఇస్తాడు. ఈ పోటీ నడవడానికి ఒక్క నార్సిసిస్టు కూడా అక్కర్లేదు. పరువుకి భయపడే మామూలు మనుషులు చాలు.

2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలతో పెట్టిన విందు దేశమంతటా వార్తయింది. పెట్టినవాళ్ల ప్రేమను శంకించను. గోదావరి జిల్లాల్లో అల్లుడికి పెట్టడం ఎప్పుడూ ఉన్నదే. పూతరేకులు, కాకినాడ కాజాలు, పనసపొట్టు కూర ఇవాళ పుట్టినవి కావు. కానీ అల్లుడి కడుపుకి పన్నెండు రకాలు ఎక్కువ. 365 అనేది కెమెరా కోసం వేసిన లెక్క. వార్తకు అంకె కావాలి. అంకె ఒకసారి వార్తల్లోకి ఎక్కితే దాన్ని దాటాలని ఇంకొకరికి అనిపించకుండా ఉండదు.

పిల్లల చదువులదీ ఇదే దారి. ఫలితాల రోజు టీవీ పెడితే ఒకటి, ఒకటి, రెండు, రెండు అని గుక్కతిప్పుకోకుండా అరిచే ప్రకటనలు మనకు లాలిపాటలంత అలవాటు. ర్యాంకు వచ్చిన పిల్లవాడి ముఖం ఊరి మొదట్లో హోర్డింగు మీద. నెదర్లాండ్స్‌లో ఎడ్డీ బ్రుమెల్మన్ బృందం ఏడు నుంచి పదకొండేళ్ల మధ్య ఉన్న 565 మంది పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని ఆరేసి నెలలకోసారి పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించింది. 'మా పిల్లవాడు మిగతా పిల్లలకంటే ప్రత్యేకం' అని తల్లిదండ్రులు అదేపనిగా అనుకునే ఇళ్లలో పిల్లల నార్సిసిజం పెరిగింది. దగ్గరకు తీసుకుని ప్రేమగా చూసే ఇళ్లలో పెరిగింది నార్సిసిజం కాదు, ఆత్మగౌరవం. హోర్డింగు మొదటిదాన్ని మాత్రమే ఇవ్వగలదు. ముఖం లేని మిగతా వందల మంది పిల్లలకి అది ఏమిస్తుందో చెప్పక్కర్లేదు.

'మా' అనే అద్దం

ఇక్కడిదాకా చెప్పింది 'నేను' గురించి. మన దగ్గర అంతకన్నా బలమైనది 'మేము'. పోలండ్‌కు చెందిన మనస్తత్వవేత్త అగ్నియెష్కా గోలెట్స్ డి జవాలా, ఆమె సహచరులు 2009లో సామూహిక నార్సిసిజం అనే భావనకు కొలమానం తయారుచేశారు. 'మా జాతి, మా కులం, మా ఊరు, మా హీరో అందరికంటే గొప్ప. కానీ లోకం ఆ గొప్పను గుర్తించడం లేదు.' ఈ రెండు వాక్యాలూ కలిస్తేనే సామూహిక నార్సిసిజం. మొదటిది ఒక్కటే ఉంటే అది ఊరి మీద ప్రేమ, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. రెండోది తోడైతే ఎక్కడ చూసినా అవమానమే కనిపిస్తుంది, అవమానానికి బదులు తీర్చుకోవాలనిపిస్తుంది. తన మీద తనకు నమ్మకం తక్కువైనవాళ్లు దీన్ని ఎక్కువగా ఆశ్రయిస్తారని ఆమె తర్వాతి పరిశోధనల్లో తేలింది. సొంతంగా చెప్పుకోవడానికేమీ లేని కుర్రాడికి హీరో ఉన్నాడు, కులం ఉంది, జిల్లా ఉంది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 కొత్త జిల్లాలు వచ్చాయి. ఎన్టీఆర్, అల్లూరి సీతారామరాజు, అన్నమయ్య, శ్రీసత్యసాయి పేర్లతో జిల్లాలు ఏర్పడ్డాయి. కోనసీమ, కోనసీమగానే వచ్చింది. మే 18న ప్రభుత్వం దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మార్చాలని ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురంలో నిరసనకు వచ్చిన గుంపు పోలీసుల మీద రాళ్లు రువ్వింది, బస్సులు తగలబెట్టింది, మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ఎమ్మెల్యే పొన్నాడ సతీశ్ ఇంటికి నిప్పు పెట్టింది. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. ఆ రోజుకి కులం, రాజకీయం, వాట్సాప్ పుకారు అన్నీ కారణాలే. అన్నింటినీ మనస్తత్వశాస్త్రంతో విప్పేస్తానని నేననను.

ఒకటి మాత్రం చూడండి. కోనసీమ అన్న పేరు తీసేయలేదు, దాని ముందు ఇంకో పేరు చేర్చారు. కొబ్బరితోట ఒక్కటీ కదల్లేదు, కాలవ దారి మారలేదు. మిగతా కొత్త జిల్లాల్లో పెద్దల పేర్లు పెడితే పేరు కోసం ఎక్కడా ఇళ్లు తగలబడలేదు. రాజ్యాంగం రాసినాయన పేరు చేరితే మాత్రం కొందరికి తమ ఊరి గొప్ప తగ్గిపోయినట్టనిపించింది. ప్రేమించేవాడికి తన ఊరి పక్కన ఇంకో పేరు ఉంటే నొప్పి ఉండదు. బోర్డు మీద తానొక్కడే ఉండాలనుకునేవాడికే ఉంటుంది. ఇలాంటి గాయం కులం ఉన్నచోట మరీ లోతు. తన పేరు పైనే ఉండటం వందల ఏళ్లుగా అలవాటైనవాడికి, పక్కవాడి పేరు సమానంగా కనిపిస్తే చాలు, తనది కిందికి దిగినట్టే.

ఇదే డెల్టాకి ఇంకో ముఖం కూడా ఉంది. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ ఇంగ్లీషువాడు, పాలించిన కంపెనీ మనిషి. ఆయన విగ్రహాలు ఎన్నో ఊళ్లలో రైతులే పెట్టుకున్నారు. పరాయివాణ్ణి నెత్తిన పెట్టుకున్నా వాళ్ల గొప్పేమీ తగ్గలేదు.

సీతమ్మగారి ఫొటో

మంచితనం కూడా అద్దం కాగలదు. 2012లో మనస్తత్వవేత్త యోఖెన్ గెబావర్, ఆయన తోటివాళ్లు నార్సిసిజంలో మరో రకాన్ని గుర్తించారు. నా అంత అందగాడు లేడు, తెలివైనవాడు లేడు అనకుండా, నా అంత సాయం చేసేవాడు లేడు, నా అంత మనసున్నవాడు లేడు అని మురిసిపోయే రకం. ఉపకారపు నార్సిసిజం అనొచ్చు. మర్యాదకు పెట్టింది పేరైన గోదావరి జిల్లాలకు ఇది బాగా పడుతుంది. వరదొస్తే లంక గ్రామాలకు పులిహోర పొట్లాలు పంచే పడవల్లో పొట్లం ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి ఒక క్షణం ఆగడం చూసే ఉంటారు. ఫొటో కోసం. పొట్లం మీద కూడా ఇచ్చినాయన బొమ్మ ఉండటం కొత్తేమీ కాదు. తినేవాడికి ఆకలి తీరుతుంది, అందుకని దీన్ని మరీ తిట్టలేం. కానీ పుచ్చుకున్నవాడి ముఖం కూడా ఊరంతా తిరుగుతుంది, ఆ సంగతి అతన్ని ఎవరూ అడగరు.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) ఉండేవారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక సంబరాలకు ఆహ్వానం వస్తే వెళ్లనన్నారని, కనీసం ఫొటో ఇమ్మంటే దానికీ ఒప్పుకోలేదని, అధికారులు బతిమాలితే చివరికి సరేనన్నారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఇప్పుడు రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ, గన్నవరం అక్విడక్టుకూ ఆమె పేరుంది. ఆవిడ అడిగి పెట్టించుకున్నవి కావు అవి.

కరెంటు తీగ

2024 నవంబరు 4 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో సర్దార్ సర్వాయి పాపన్నగౌడ్ విగ్రహావిష్కరణకు ఫ్లెక్సీ కడుతుండగా అది కరెంటు తీగకు తగిలి నలుగురు యువకులు చనిపోయారు. 2020 సెప్టెంబరు మొదట్లో చిత్తూరు జిల్లా శాంతిపురం దగ్గర సినిమా హీరో పుట్టినరోజు బ్యానరు కడుతూ ముగ్గురు అభిమానులు ఇలాగే పోయారు. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దాకా వచ్చే లైను సాధారణంగా 11 కిలోవోల్టులది, దాని మీద తొడుగు ఉండదు. ఫ్లెక్సీ చట్రం ఇనుప గొట్టాలది. నిలబెట్టేటప్పుడు గాలికి గుడ్డ తెరచాపలా లాగుతుంది, నలుగురు పట్టుకున్నా ఆగదు. కట్టేది అర్ధరాత్రి దాటాక, ఎందుకంటే తెల్లారేసరికి నాయకుడి కంటపడాలి.

2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు, గుడ్డ బ్యానర్లు వాడమన్నారు. పర్యావరణానికి అది మంచి మాటే. కానీ గుడ్డ మారినంత మాత్రాన ముఖాలు దిగిరావు. పోటీ వల్ల పుట్టిన జబ్బుకి ఒక్కొక్కరికీ నీతులు చెప్పి లాభం లేదు, అందరికీ ఒకేసారి వర్తించే హద్దు కావాలి. పంచాయతీయే కూర్చుని, బహిరంగ స్థలంలో బతికున్నవాళ్ల ముఖం వద్దని తీర్మానం చేసుకుంటే మధ్యలో ఉన్నాయనా ఊపిరి పీల్చుకుంటాడు, అడుగు వరస కుర్రాడూ చందా తప్పించుకుంటాడు. ఎవరి పరువూ పోదు, ఎందుకంటే ఎవరి ముఖమూ అక్కడ ఉండదు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజే, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. ఈసారి స్వాగతం పలికే ముఖాలు ఘాట్లకు వెళ్లే ప్రతి దారిలోనూ లేస్తాయి. వేయించే పెద్దలకు ఒక మనవి: ఏ ఘాట్ ఎటు ఉందో, బయటికి దారి ఎటో, మంచినీళ్లు ఎక్కడో, డాక్టరు ఎక్కడో చూపించే బోర్డులకి మీ ఫ్లెక్సీ అడ్డం రానివ్వకండి. కట్టే కుర్రాళ్లకీ ఒక మాట: గొట్టం ఎత్తే ముందు పైకి చూడండి, లైన్‌మన్‌కి ఫోన్ చేసి కరెంటు తీయించండి. తీయకపోతే కట్టకండి.